నురగ నిలవలేదు

శెట్టి తన గ్లాసులో మంచుగడ్డ వేసుకున్నప్పుడల్లా కెమిస్టు సార్ మొహం పక్కకు తిప్పుకునేవాడు. మా ఆదివారం మధ్యాహ్నాలు సగం ఈ తగాదాతోనే గడిచిపోయేవి.

“ఏమప్పా శెట్టీ, ఇది నిమ్మకాయ సోడా అనుకుంటివా? ఐసేస్తే దీని రుచి యాడ తెలుస్తాది?”

“రుచి మీరు చూడండి సార్. నాకు దప్పిక తీరితే సాలు. ఇంగ్లండోళ్లకు చలి గాబట్టి వెచ్చగా తాగినారు. బేతంచెర్ల ఎండకు వెచ్చగా తాగమంటే అది బీరు గాదు, కషాయం.”

“కషాయమే అనుకో. ఆ చేదుకు గూడా ఒక మర్యాద ఉండాది.”

అప్పుడు లెక్చరర్ కల్పించుకునేవాడు. “మర్యాద సంగతి మల్ల చూస్తాం. ముందు దీని పేరు తేల్చండి సార్. బెల్లం పడినాక ఇది పేల్ ఏల్ ఎట్లయితాది? రంగు చూడండి, చింతపండు నీళ్ల మాదిరుండాది. దీన్ని బ్రౌన్ ఏల్ అంటారు.”

“యాడ అంటారు?”

“నెట్ సెంటర్లో ప్రింటు తీసుకొచ్చినా. కావాలంటే సూపిస్తా.”

“నువ్వు కాగితం తాగుతాండావా, గ్లాసు తాగుతాండావా? నాలిక మీద పెట్టుకోని చెప్పు. చేదు ముందొచ్చి, గభాలున ఇడిసిపెట్టి పోతాందా లేదా? అది పేల్ ఏల్ లక్షణం. రంగుదేముండాది, ఎండకు తిరిగితే ఎవురైనా నల్లబడతారు.”

సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమైన కొత్త రోజులవి. మేం నలుగురం. కెమిస్టు సార్ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో ఉండగా కంపెనీవాళ్లు శిక్షణకని ఇంగ్లండు పంపితే, సిమెంటు బట్టీ పని నేర్చుకోవడంతో పాటు ఏల్ అనే బీరు మీద ప్రేమ పెంచుకుని తిరిగి వచ్చాడు. లెక్చరర్ కర్నూలు కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. శెట్టి నా బడి స్నేహితుడు. బండల వ్యాపారం, పాలిష్ ఫ్యాక్టరీ. ఇంట్లో ఉల్లిపాయ కూడా తినని కుటుంబం వాళ్లది. మా ఇంట్లో మాత్రం వాడికి నాలుగు గోడల రక్షణ ఉండేది.

నేను స్టేషను దగ్గర ఒక లారీ ఆఫీసులో బుకింగ్ చూసేవాణ్ణి. ఆ ఉద్యోగానికి ఇస్త్రీ చొక్కా అక్కర్లేదు. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో నేను ఒక్కరోజూ ఆ మెట్లెక్కలేదు.

మా ఇంటిని ఊళ్లో పెద్దిల్లు అంటారు. పొలాలు పోయాయి, ఎద్దులు పోయాయి, ఇంటి ముందు చేతులు కట్టుకు నిలబడే మనుషులు పోయారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అంగట్లో కొన్న సీసా ఏదీ మా గడప దాటకూడదని మా నాన్న పెట్టిన నియమం. దాన్ని నేనూ తప్పలేదు. కానీ మా ఇంట్లో, మా నీళ్లతో, మా చేతుల మీదుగా తయారైనది అంగటి సరుకు కాదు. నాలుగు సీసాలు మేం నలుగురం తాగేవాళ్లం; అయిదో మనిషికి అమ్మిందీ లేదు, పోసిందీ లేదు. అయినా చట్టం దీన్ని ఒప్పుకోదని తెలుసు కాబట్టి తలుపు వేసుకునేవాళ్లం. అలా తలుపు వేసుకోవడం ఒక్కటే నాకు గుచ్చుకునేది. పగటిపూట తలుపు మూసే అలవాటు మా ఇంటికి లేదు.

అసలు ఇదంతా మా బావి దగ్గర మొదలైంది.

మా బావి నీళ్లకు ఊళ్లో మంచి పేరు లేదు. పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. మా ముత్తాత నాపరాతి పొరలు ఒక్కొక్కటే పగలగొట్టించి దింపిన బావి అది. ఊట రాతి సందుల్లోంచి వస్తుంది. వానలు లేని ఏళ్లల్లో మిగతా బావులన్నీ ఎండిపోయి ఊరంతా మా దొడ్డి వాకిట్లో వరుస కట్టినప్పుడు మాత్రం ఆ నీళ్లకు ఎవరూ వంక పెట్టలేదు. కుళాయిలు వచ్చాక ఆ వరుస పోయింది. తర్వాత ఆటోల్లో నీళ్ల క్యాన్లు వచ్చాయి. మా అమ్మ, నేను తప్ప ఆ బావి నీళ్లు తాగేవాళ్లు లేకుండా పోయారు.

అలాంటి రోజుల్లో శెట్టి ఒకసారి కెమిస్టు సార్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మా ఇంటి పద్ధతి ప్రకారం నేను ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చాను. ఆ పద్ధతి గురించి చెప్పాలి. మా తాత కాలంలో ఊళ్ల మధ్య పగలుండేవి. ఒకరింట్లో ఒకరు నీళ్లు ముట్టాలంటే భయపడే కాలం. మా ఇంటికి ఎవరొచ్చినా, శత్రువు తాలూకు మనిషైనా సరే, ఇంటి యజమాని చెంబులోంచి దోసిట్లోకి వంచుకుని వాళ్ల కళ్ల ముందు ముందుగా తాను తాగాలి. తర్వాత అదే చెంబు వాళ్లకు అందించాలి. ఈ నీళ్లల్లో ఏమీ లేదని నోటితో చెప్పడం కాదు, తాగి చూపించడం. పగలు పోయినా మా నాన్న ఆ పద్ధతి మానలేదు, నేనూ మానలేదు. పోస్టుమ్యానుకైనా సరే, ముందు నేను తాగే ఇచ్చాను.

కెమిస్టు సార్ ఆ నీళ్లను గుటుక్కున మింగలేదు. నోట్లో కాసేపు ఉంచుకున్నాడు. ఇంకొంచెం పోయించుకున్నాడు.

“అప్పా, ఇంగ్లండులో ఒక ఊరుండాది. బావుల్లో నీళ్లు అచ్చం ఇట్లనే, రాతి నీళ్లు. ఏల్ కాయనీకి వాటిని మించినవి లేవంటారు. వేరే ఊర్లోళ్లు ఆ రుచి రావల్లని తమ నీళ్లల్లో జిప్సం కలుపుకుంటారు. మీకు ఆ దేవుడే కలిపిచ్చినాడు గదప్పా!”

మా నీళ్ల గురించి ఒక మంచిమాట విని అప్పటికి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. ఏమీ పట్టనట్టు తలూపాను. కానీ ఆ సాయంత్రం బావి గట్టు నేనే చిమ్మాను.

తర్వాత అన్నీ వాటంతట అవే కుదిరాయి. హాప్స్ అనే చేదు పూల గుళికలను, ఈస్టు పొట్లాలను కెమిస్టు సార్ పాత సహోద్యోగి విదేశాలకు పోయి వచ్చినప్పుడు తెచ్చిచ్చేవాడు. బార్లీని మొలకెత్తించడం మా అమ్మ పని. రాగులు నానబెట్టి తడిగుడ్డలో మూటగట్టడం, మొలకను మిద్దె మీద ఎండబెట్టడం, దోరగా వేయించడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది దేనికని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఒకసారి మాత్రం మూట విప్పుతూ అంది:

“ఏం నాయనా, కల్లంగడి పెడతాండావా?”

“కాదమ్మా. కెమిస్టు సార్ మందేదో చేస్తాండాడు.”

“మందైతే సరే. ముంతలు మాత్రం నా వంటింట్లోవి ముట్టుకోవద్దు.”

కాచి చల్లార్చిన బార్లీ రసాన్ని పులియబెట్టడానికి చల్లటి చోటు కావాలి. మా ఎండల్లో అలాంటి చోటు యాడ ఉంటుందని లెక్చరర్ నవ్వాడు. పెరట్లో, బండ కింద, మా పాతర ఉంది. ఒకప్పుడు బండ్ల కొద్దీ జొన్నలు దాచిన నేలగొయ్యి. నాకు ఊహ తెలిసిన నాటికే ఖాళీ. పండు వేసవిలోనూ అడుగున చల్లగా ఉంటుంది. గాజు జాడీని అక్కడ దింపేవాళ్లం. తీసే రోజు ముందు దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే నేను దిగేవాణ్ణి. జొన్నల కాలం నుంచీ ఉన్న పద్ధతే అది. ఖాళీ పాతరలోంచి నిండిన జాడీ పైకి తెచ్చినప్పుడు నాలో ఏదో సర్దుకున్నట్టుండేది. దాన్ని సంతోషం అంటే ఎక్కువవుతుంది.

మొదటి రెండుసార్లు తాగాక లెక్చరర్ కూడా వాదన ఆపేశాడు. మంచుగడ్డ లేకుండా ఒక గుక్క తాగి చూడమని కెమిస్టు సార్ బతిమాలితే శెట్టి తాగాడు. కళ్లు మూసుకున్నాడు. “బాగుండాదప్పా, ఒప్పుకుంటా. నురగ మాత్రం శానా బాగుండాది. గ్లాసు ఖాళీ అయినా అంచుకు అట్లనే ఉండిపాయె,” అన్నాడు. వాడికి బీరంటే నురగే. మిగతా గొడవంతా చదువుకున్నోళ్ల గొడవనేవాడు.

మూడోసారి నురగ నిలవలేదు.

వంచినప్పుడు పొంగింది. మేం గ్లాసులు ఎత్తేలోగా కరిగిపోయింది. పైన నురగ లేని ఆ గోధుమరంగు ద్రవం చూస్తే కుండ అడుగున మిగిలిన చారులా ఉంది. తాగితే చేదు ముందు రాలేదు. వెనకాల వచ్చి, నాలుక మొదట్లో పట్టుకుని, ఎంతకీ వదల్లేదు.

“ఇంగ ఇప్పుడు చెప్పండి సార్, ఇది ఏ ఏలు?” అన్నాడు లెక్చరర్.

కెమిస్టు సార్ నవ్వలేదు. గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు. “గ్లాసులకు జిడ్డుంటే నురగ నిలవదు. ఒక్క నూనె చుక్క సాలు,” అన్నాడు.

ఆ మాట వంటింట్లో మా అమ్మకు వినబడింది. ఆవిడ వచ్చి నాలుగు గ్లాసులూ తీసుకుపోయి, బూడిదతో రుద్ది, కుంకుడు రసంతో కడిగి, తుడవకుండా బోర్లించి తెచ్చి మా ముందు పెట్టింది. మళ్లీ పోశాం. మళ్లీ కరిగింది.

“మా ఇంట్లో గ్లాసులకు జిడ్డుండదు సారూ,” అని లోపలికి వెళ్లిపోయింది.

“హాప్స్ పాతబడింటాయిలే,” అన్నాడు లెక్చరర్.

“ఈస్టు చచ్చిపోయింటాది. లేకుంటే బార్లీలోనే కల్తీ. ఈ కాలంలో దేంట్లో కల్తీ లేదు?” అన్నాడు శెట్టి. ఆ రోజు వాడు మంచుగడ్డ అడగలేదు. ఒక మాటకు రెండు మాటలు మాట్లాడే మనిషి, తొందరగా లేచాడు కూడా.

వాళ్లిద్దరూ పోయాక కెమిస్టు సార్ చెప్పులేసుకుంటూ ఆగాడు.

“అప్పా, ఒక సీసాలో నీ బావి నీళ్లు పోసియ్యి. ల్యాబులో నా దగ్గర పనిచేసిన పిల్లోళ్లు ఇంకా ఉండారు. పరీక్ష చేపిస్తా.”

“దేనికి సార్?”

“నీళ్లల్లో ఏమన్నా కలుస్తాందేమో సూద్దాం.”

నేను లోపలికి వెళ్లి చెంబు తెచ్చాను. ఆయన ఎదుట నిలబడి దోసిట్లోకి వంచుకుని తాగాను. మూడు దోసిళ్లు. “మా ఇంట్లో నీళ్లకు ఇదే పరీక్ష సార్,” అన్నాను.

“అట్లనే అప్పా,” అని ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పటికీ ఆ కోపం తప్పని నేననుకోను. తనను నరకడానికి తిరిగే మనుషులకు కూడా మా తాత నీళ్లిచ్చిన చెంబు అది. ఆ నీళ్లను సీసాలో పట్టి, ఎవరో పిల్లవాడు ఏ గొట్టంలోనో పోసి, పెద్దింటి నీళ్లు మంచివో కావో ఒక ముక్కలో తేలుస్తాడా? మాకు మిగిలింది ఆ ఒక్క నమ్మకమే. దాని మీద ముద్ర వేసే అధికారం బయటివాళ్లకు నేనెందుకివ్వాలి?

కానీ ఆ మూడు దోసిళ్లలో నాకు ఒక వాసన తగిలింది.

ఆ తర్వాత ఆదివారాలు జరగలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రాలేదు. నేను పొద్దున్నే లేచి బావిలోకి చూసేవాణ్ణి. నీటి మీద తెల్లటి పలుచని తెట్టు. అది ఎప్పుడూ ఉండేదేనేమో, నేనే చూడలేదేమో అనుకున్నాను. బొక్కెనతో పక్కకు నెడితే ఎండకు అక్కడక్కడా రంగులు కనబడ్డాయి. లారీ ఆఫీసు ముందు వాన పడితే నేల మీద తేలే రంగులవి. నాకు బాగా తెలిసిన రంగులు. మా అమ్మ అదే బావిలో తోడుకుని అదే గుడ్డతో వడగట్టుకుని తాగుతోంది. రాత్రిళ్లు దగ్గుతోంది. దగ్గు వయసుదని నాకు నేను చెప్పుకున్నాను. క్యాన్ నీళ్లు తెప్పిస్తానని ఒకరోజు అన్నాను.

“ఎవరికి? సుట్టాలొస్తాండారా?” అంది.

“మనకే.”

“ఈ ఇంటికి కోడలై వచ్చిన దినం ఈ నీళ్లు తాగినా నాయనా. పోయే దినం గూడా ఈటినే పోయండి.”

క్యాను తెప్పించలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి పడమటి చేను వైపు నడిచాను. అది ఒకప్పుడు మాదే. మా నాన్న చివరి రోజుల్లో చేయి మారింది. అమ్మిన నేల మీద కాలు పెట్టకూడదని నా నియమం. ఆ రోజు పెట్టాను. చేను మధ్యలో శెట్టి పాలిష్ ఫ్యాక్టరీ షెడ్డు. బండలు అరిగే చప్పుడు. యంత్రాల కింద నుంచి పాలలాంటి తెల్లటి రాతి బురద కాలువగా పారి, షెడ్డు వెనక వదిలేసిన గని గుంతలో పడుతోంది. ఆ కాలువ పక్కనే జనరేటర్ గది. దాని కింద నేల డీజిల్ కారి నల్లగా మెరుస్తోంది. గుంత అంచున నిలబడి చూశాను. అవే నాపరాతి పొరలు. ఆ పొరలు వాలిన వైపే మా మిద్దె కనబడుతోంది.

శెట్టి షెడ్డులోంచి వచ్చాడు. నన్ను చూసి ముందు నవ్వాడు. తర్వాత నేను దేన్ని చూస్తున్నానో చూశాడు.

“ఎంతకాలమైంది దీంట్లోకి వదిలి?”

“మొన్న ఎండాకాలం నుంచి. రోడ్డు పక్క పారిస్తే పంచాయతోళ్లు గలాటా చేసినారు. ఈడైతే ఎవురికీ అడ్డం లేదనుకుంటి.”

“నీకు తెలుసు. నురగ కరిగిన దినమే నీకు తెలిసింది.”

“అనుమానమొచ్చింది. తెలిసిందని ఎట్లంటావు? సుట్టూ పది ఫ్యాక్టరీలుండాయి. నా ఒక్కదాని నీళ్లేనా నీ బావిలోకొచ్చేది?”

“పది గుంతలు మా ఇంటి వైపు వాలి లేవు.”

“ఏం చెయ్యమంటావు చెప్పప్పా. మూసెయ్యమంటావా? ఈడ పనిచేసేది మన ఊరోళ్లే. ఒగప్పుడు మీ చేన్లల్లో పనిచేసిన ఇండ్లోళ్లే.”

ఆ చివరి మాట కావాలనే అన్నాడో, నోరు జారిందో తెలియదు. నేను చొక్కా సర్దుకుని తిరిగి వచ్చాను. అరవలేదు. అరిచే హక్కు ఆ నేల మీద నాకు లేదు.

తర్వాతి ఆదివారం చెప్పకుండా ముగ్గురూ వచ్చారు. శెట్టి భుజం మీద నీళ్ల క్యాను ఉంది. వాడే మోసుకొచ్చాడు, మనిషిని పెట్టకుండా. దాన్ని వసారాలో దించి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“ఈ తూరి దీంతో కాయండి సార్. నురగ యాడికి పోతాదో సూద్దాం. ఇంగ పెద్దమ్మకు గూడా రోజూ ఒక క్యాను పంపిస్తా. నా మాట ఇనప్పా.”

“ఈ నీళ్లతో కాస్తే ఏల్ రాదు శెట్టీ,” అన్నాడు కెమిస్టు సార్ నెమ్మదిగా. “దీంట్లో ఏమీ లేదు. మంచీ లేదు, చెడ్డా లేదు. ఏ ఊరి నీళ్లో గూడా తెలీదు.”

“మరి గుంత పూడిపిస్తే?” అని లెక్చరర్ అడిగాడు.

శెట్టి జవాబు చెప్పే లోపల మా అమ్మ ఎప్పటిలాగే చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. ఇంటికి మనుషులు వచ్చారు. ఆవిడకు అంతే తెలుసు. నేను దోసిట్లోకి వంచుకున్నాను. వాసన ముక్కుకు తగిలింది. తాగాను. చెంబు శెట్టి ముందుకు చాచాను.

వాడు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నప్పుడు బడి నుంచి పరుగెత్తుకొచ్చి ఆ చెంబుతోనే గటగటా తాగి, చొక్కా తడుపుకున్నవాడు. చెంబులోకి చూశాడు. మా అమ్మ గడపలో నిలబడి ఉంది.

“ఇప్పుడే తాగొచ్చినాప్పా,” అన్నాడు.

మా ఇంట్లో ఆ మాట అన్నవాళ్లు లేరు. చంపడానికి తిరిగినవాళ్లు కూడా అనలేదు.

మా అమ్మకు అర్థమైంది. శెట్టి చేతుల్లోంచి చెంబు తీసుకుంది. పారబోయలేదు. వసారా గూట్లో పెట్టి, “దప్పికైతే చెప్పు నాయనా,” అని లోపలికి వెళ్లింది. ఆవిడ నడకలో ఏ తేడా లేదు. నాకే వసారా ఒకవైపుకు ఒరిగినట్టనిపించింది.

శెట్టి తల వంచుకునే బయటికి నడిచాడు. లెక్చరర్ వాడి వెంట వెళ్లాడు. క్యాను అక్కడే ఉండిపోయింది.

నేను పాతర బండ మీద ఉన్న ఖాళీ ఏల్ సీసా తీసుకుని బావి దగ్గరికి వెళ్లాను. బొక్కెన వేసి తోడాను. సీసాను ఆ నీళ్లతోనే రెండుసార్లు కడిగి, అంచు దాకా నింపి, బిరడా బిగించాను. తడి తుడిచి తెచ్చి కెమిస్టు సార్ చేతిలో పెట్టాను.

“పరీక్ష చేయించండి సార్. కాగితం మీద రాయించి తెండి. పంచాయతీలో పెట్టాలి, పైనోళ్లకు పెట్టాలి. పేరు నాదే రాయండి.”

ఆయన సీసాను వెలుతురుకు పట్టలేదు. గుడ్డ సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. వాకిలి దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూశాడు. ఈసారి నేను గూట్లో చెంబు అందుకోలేదని ఆయన గమనించాడు.

మా ఇంట్లో ముందు మేం తాగకుండా ఒకరి చేతికిచ్చిన నీళ్లు అవే మొదలు.